పిచ్చాపాటి గది

కంటి ఆసుపత్రిలో చుక్కలు వేసే అమ్మాయి బాబాయి కంటి రెప్పల్ని రెండు వేళ్ళతో విడదీసి, ఒక్కో కంట్లో ఒక్కో చుక్క జారవిడిచి, "కళ్ళు మూసుకోండి తాతగారూ, నేను వచ్చి చూసేదాకా తెరవకండి" అని పక్క కుర్చీ ఆవిడ దగ్గరికి జరిగింది. బాబాయి బుద్ధిగా కళ్ళు మూసుకుని తల వెనక గోడకి ఆనించాడు. మందు చెంప మీదికి కారితే భుజం పైకెత్తి చొక్కాకే తుడుచుకున్నాడు. ఆ తుడుచుకోవడం చూసి ఇటుపక్కన కూర్చున్న అన్నకూతురు మొహం తిప్పుకుంది. పొద్దుటి నుంచీ అంతే, ఆయన చెప్పులు వెతుక్కున్నా, మెట్టు దగ్గర తడబడినా, టీ ఊదుకుని తాగినా, ఈ మనిషికి ఇంకా తెలియదు కదా అన్న మాటే లోపల తిరుగుతోంది. తెలియదు, ఎందుకంటే ఆయన పొద్దున ఫోను ముట్టుకోలేదు, ముట్టుకోలేదెందుకంటే పరీక్ష ఉన్నరోజు కళ్ళకి పని పెట్టకు బాబాయ్ అని తనే చెప్పింది. మంచి అన్నకూతురు చెప్పినట్టే చెప్పింది, ఆయన కూడా సరేనమ్మడూ అని ఫోను జేబులో వేసుకున్నాడు. ఆ జేబు ఆయన కుట్టుకున్నదే. దర్జీ పని మానేసి ఏళ్ళయినా తన చొక్కాలు తనే కుట్టుకుంటాడు, ఈమధ్య కుట్టు పక్కకి పోతోంది, ఆ జేబు ఒక మూల కిందికి దిగి ఉంది, ఆయనకది కనపడటం లేదు, ఎవరూ చెప్పలేదు.

కుర్చీలన్నీ ఒకే ఇనప పట్టీకి బిగించినవి. ఆ చివర ఎవరో కాలు ఊపితే ఈ చివర బాబాయి తల గోడ మీద సన్నగా కదులుతోంది. ఇంతమంది కళ్ళు మూసుకుని, మొహాలు పైకెత్తి, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎవరికీ ఎవరి మీదా కోపం ఉన్నట్టే లేదు. ఎదురుగోడ మీద టీవీ మాత్రం వెలుగుతోంది. తెర నాలుగు ముక్కలు, ముక్కకో మనిషి, నలుగురూ ఒక్కసారే వేళ్ళు ఆడిస్తూ నోళ్ళు తెరుస్తున్నారు, చప్పుడు లేదు, ఎవరో మాట నొక్కేశారు. కింద ఎన్నికలని ఎర్రటి పట్టీ పరిగెడుతోంది. ఆ నొక్కేసినవాళ్ళెవరో గానీ పుణ్యం కట్టుకున్నారు అనుకుంది, అనుకుని ఉలిక్కిపడింది, తను చేస్తున్నదీ అదే కదా. ముళ్ళమొక్కలు పెంచేవాళ్ళ కోసం తను నెట్‌లో పెట్టిన ముళ్ళకుండీ ఫోరంలో పిచ్చాపాటి గది తెరిచినరోజు ఎంత సంబరపడింది. మొక్కల గోల పక్కనపెట్టి నాలుగు కబుర్లు చెప్పుకుందాం రండి అని రాసింది. కొన్నాళ్ళు కబుర్లే నడిచాయి, ఒకరి కూతురి కాలు విరిగింది, ఒకరి పిల్లి కుండీలో పడుకుంటోంది, ఫోరం నడపడంలో తోడుగా ఉండే లెక్కల మాస్టారు తన గురక గురించి తనే జోకులేశాడు. ఆ తర్వాత ఎప్పుడు మొదలైందో చెప్పలేం, ఎవరో ఎవరి పార్టీనో ఒక మాటన్నారు, ఇంకొకరు నవ్వుతూనే రెండన్నారు, తెల్లారేసరికి ఆ గదిలో మొక్కల పేర్లు తెలిసిన మనుషులు ఒక్కరూ లేరు, ఇటువాళ్ళూ అటువాళ్ళూ మిగిలారు. రాజకీయాలు వద్దు అని గది గుమ్మం మీద రాయాల్సి వచ్చింది. రాసినా ఆగలేదు. అప్పుడు తనూ లెక్కల మాస్టారూ కలిసి తోటమాలి అని ఒక పేరు పెట్టుకున్నారు, ఇద్దరికీ ఒకటే పేరు, ఎవరు తీసేసినా తోటమాలి తీసేసినట్టు, తిట్లన్నీ తోటమాలికే పోతాయి. తోటమాలి అంటే మాస్టారొక్కడే అనుకుని బాబాయి ఆ తిట్లు ఆమె ఎదుటే తిడతాడు. ఆ లెక్కలాయనకి బడిలో పిల్లలు చాలక మనల్ని కూడా గోడకుర్చీ వేయిస్తున్నాడమ్మడూ, నీ ఫోరంలో నీ మాట చెల్లడం లేదు, నువ్వు మెతక అంటాడు. ఆమె ఊరుకుంటుంది. తీసేసింది తనే అయినప్పుడు కూడా ఊరుకుంది.

మెతకేనా. డాక్టరీ సీటు పరీక్ష పోయిననాడు గదిలో తలుపేసుకుని కూర్చుంటే ఇంట్లో అందరూ తలుపు కొట్టి పోయారు, బాబాయి కొట్టలేదు. సందులోంచి కిటికీ దగ్గరికి వచ్చి, కిటికీ రాతి మీద చిన్న కుండీ పెట్టాడు. పచ్చటి మోడు మీద ఎర్రటి బుడిపె, రెండింటికీ కలిపి అడ్డంగా నల్లదారం కట్టి ఉంది, బటన్లు కుట్టే దారం. అంటు కట్టాను, పట్టుకుంటుందో లేదో తెలియదు, నీళ్ళు పోయకు, ముట్టుకోకు, ఏం చేయకు, ఊరికే చూస్తూ ఉండు చాలు అన్నాడు. ఆ మాటలోని చల్లదనం ఇప్పటికీ చేతులకి తగులుతుంది. ఏం చేయక్కర్లేదు, చూస్తూ ఉంటే చాలు అని ఆమెకి అంతకుముందు ఎవరూ చెప్పలేదు. అంటు పట్టుకుంది. ఆమె మందుల చదువు చదివింది, షాపులో చేరింది, మాత్రల పేర్లు తప్పుచదవకుండా చదవడం అలవాటు చేసుకుంది, ఫోరం పెట్టి కిటికీ అని తన పేరు పెట్టుకుంది. సూది అని బాబాయి పెట్టుకున్నాడు. కుట్టుసూదీ ముళ్ళసూదీ, రెండు రకాలుగా సూది అని ఆయనే నవ్వాడు. మోడు ఎలా కోయాలో, బ్లేడు ఎలా పట్టుకోవాలో ఆయన రాసిన పాఠాలు చూసి ఎంతమంది నేర్చుకున్నారు. ఇసకగూడు అన్న పేరుతో రాసే ఆవిడ కూడా ఆయన దగ్గరే నేర్చుకుంది. ఇసకగూడు ఎవరో, ఏం పని చేస్తుందో ఎవరికీ తెలియదు, మేడ మీద చిన్న ఇల్లు, రేకు డబ్బాల్లో మొక్కలు, మాట చక్కగా రాస్తుంది. పెద్దాయనా అని ఆయన్ని పిలుస్తుంది. బాబాయి తల్లిమొక్క మొదలు కుళ్ళి ఒక్కరోజులో కూలిపోతే, పేపర్లో చుట్టి పోస్టులో ఒక పిలక పంపించింది, పెద్దాయనా ఇది మీదే, మీరు నాకిచ్చిన దాని మనవరాలు అని. బాబాయి ఆ పేపరు కూడా పారేయలేదు, మడిచి కుట్టుమిషను సొరుగులో పెట్టుకున్నాడు. ఆ ఇసకగూడుకే ఆయన నిన్న అంత మాట రాశాడు. అదే అర్థం కావడం లేదు. ఎదురుగా ఉంటే నోట్లోంచి వస్తుందా ఆ మాట.

"ఎంతసేపమ్మా?" పక్క కుర్చీ ఆవిడ కళ్ళు మూసుకునే అడిగింది, ఎవరినో.

"మందు పట్టాలి కదండీ" అన్నాడు బాబాయి, తన ఇంట్లో కూర్చుని చెప్పినట్టు. "పట్టేదాకా ఇంతే."

ఇసకగూడు పెట్టిన ఫొటోలో కిటికీ గట్టు మీద తెల్లపూలు విరగబూసిన మొక్క, దాని కింద నేల మీద వరసగా ఖాళీ బకెట్లు. కింద రాసింది ఆమెకి కంఠతా వచ్చేసింది, పొద్దున అన్నిసార్లు చదివింది. మా వీధికి నీళ్ళు వచ్చి వారాలవుతోంది. నా మొక్కలకేమీ కాలేదు, పైగా పూశాయి, వీటికి ఇది అలవాటే. మా కింది ఇంట్లో పసిబిడ్డ ఉంది. కొత్త గొట్టాలు పైవీధి దాకా వేసి మా మలుపు దగ్గర ఆపేశారు. ఎందుకు ఆపారో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. అంతే. ఆ చివరి వాక్యం దగ్గరే ఆమె వేలు ఆగింది. ఆ వాక్యం లేకపోతే అది మొక్కల కబురు. ఆ వాక్యంతో రాజకీయం. దాని కింద సూది రాసింది చూశాక ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు, ఇంకాసేపు ఉంటే అటువాళ్ళూ ఇటువాళ్ళూ కట్టలు కట్టుకుని వస్తారు. రూలు రాసుకున్నది తామే, గీత దాటితే ఎవరైనా సరే వారం నోటికి తాళం, చర్చ మొత్తం తీసేయడం. తనవాడని బాబాయిని వదిలేస్తే రేపు ఎవరి మొహం చూస్తుంది. వదల్లేదు. ఇద్దరికీ తాళం వేసింది. వేశాక ఒక రకం గర్వం కలిగింది, సొంత బాబాయిని కూడా లెక్కచేయలేదని. ఆ గర్వం గుర్తొస్తే ఇప్పుడు చెవులు వేడెక్కుతున్నాయి. అప్పుడామె పెరట్లో నిలబడి ఉంది, ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో గొట్టం, ఆకుల మీది దుమ్ము కడుగుతోంది. కుండీలు నిండి నీళ్ళు గచ్చు మీదుగా కాలవలోకి పోతుంటే, వేలు మీట మీద ఉండగా, కుళాయి కట్టేయాలన్న సంగతే తోచలేదు.

"అమ్మడూ" అన్నాడు బాబాయి. "నా ఫోను తియ్యి. ఊరికే కూర్చుంటే కాలం గడవడం లేదు. నిన్న నేనొకటి రాశాను. ఏమన్నారో చూసి చదివి పెట్టు."

జేబులోంచి తీసింది. ఆయన ఫోనులో అక్షరాలు ఎంత పెద్దవంటే తెరకి రెండు మూడు మాటలు పడతాయి, అంతకంటే చిన్నవి ఆయనకి కనపడవు. ఫోరం తెరవగానే పొద్దున తను రాసిందే ఎదురైంది, ఒక్కో మాటా తలుపంత. రాజకీయ చర్చ. వేలితో పైకి తోసింది. కారణంగా తొలగించాం. తోసింది. వారంపాటు మీరు. తోసింది. రాయలేరు. ఎన్నిసార్లు ఎంతమందికి పంపింది ఈ నాలుగు మాటలు, ఎప్పుడూ ఇంత పెద్దగా కనపడలేదు. ఆ పక్కన నిలబడ్డ మనిషి కూడా చదవగలడు. తెరని ఒళ్ళోకి బోర్లించేసింది.

"నెట్ రావట్లేదు బాబాయ్."

"నీ ఫోన్లో చూడు. నీది మంచిది కదా."

ఆమె తన ఫోను తీసింది. తోటమాలికి తీసేసినవి కూడా కనిపిస్తాయి, బూడిదరంగులో, చనిపోయినవాళ్ళ ఫొటోల్లాగా. ఎవరూ ఏమీ అనలేదు బాబాయ్, అందరూ పనుల్లో ఉన్నట్టున్నారు అనొచ్చు. ఆయన నమ్ముతాడు. కళ్ళు మూసుకున్నవాడికి ఏదైనా చదివి వినిపించొచ్చు, మొక్కల కబుర్లు కల్పించి చెప్పొచ్చు, వారం ఇలాగే గడిపేయొచ్చు కూడా. షాపులో ఎవరైనా ముసలాయన చీటీ ఇచ్చి ఇందులో ఏముందమ్మా అని అడిగితే ఇలాగే ఒక్క క్షణం అనిపిస్తుంది, చెప్పకపోతే హాయిగా ఇంటికి పోతాడు కదా అని. ఎప్పుడూ చెప్పకుండా ఉండలేదు. ఆమె గొంతు తగ్గించింది.

"నువ్వు రాసింది చదవమంటావా ముందు?"

"చదువు. బాగా రాశాను."

"ఎందుకు ఆపారో నేనంటాను" అని మొదలుపెట్టింది. ఆయన పెదవుల చివర నవ్వు కదిలింది, తన మాట తనకి వినపడితే ఎవరికైనా వచ్చే నవ్వు. "ఓటు వాళ్ళకి వేసి నీళ్ళు వీళ్ళని అడిగితే ఎలా వస్తాయి. మీ వీధివాళ్ళు పన్నులు కట్టరు, ఉన్న గొట్టాలు పగలగొడతారు, ఆపైన ఏడుపులు. ముళ్ళమొక్కల్ని చూసైనా నేర్చుకోండి..." ఇక్కడ ఆగి బాబాయి మొహం చూసింది. పూర్తిచేసింది. "నీళ్ళు లేకుండా నోరు మూసుకుని బతకడం ఎలాగో."

కుర్చీల వరస కదలడం ఆగిపోయింది. ఆ చివర కాలు ఊపుతున్నది ఎవరో గానీ ఆపేశారు. పక్క కుర్చీ ఆవిడ తల ఇటు తిప్పింది, కళ్ళు మూసుకునే. బాబాయి నవ్వు మొహం మీదే ఉంది గానీ ఎవరో వదిలేసి పోయినట్టు ఉంది. రాసేటప్పుడు తన గొంతుతో రాసుకున్నాడు, ఇప్పుడు అన్నకూతురి గొంతుతో విన్నాడు, అంతకంటే తేడా ఏముందిలే అనుకుంది ఆమె. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"కొంచెం ఘాటుగానే ఉంది. కానీ అబద్ధమేం రాయలేదు. ఆ వీధుల్లో నేను తిరిగినవాణ్ణి. దానికేమంది?"

"ఎవరు?"

"అదే, ఆ నీళ్ళ మనిషి."

"ఇసకగూడు" అంది ఆమె. "ఇసకగూడు ఏమీ అనలేదు బాబాయ్."

ఆయన కళ్ళు తెరిచాడు. తెరవకూడదన్నారు, తెరిచాడు. నల్లగుడ్డు కన్నంతా పరుచుకుని ఉంది, ఆ కళ్ళు ఆమె వైపు తిరిగాయి గానీ ఆమె మీద ఆగలేదు, ఆమె ఉండాల్సిన చోటికి కొంచెం పక్కన వెతికాయి.

"ఆ పోస్టు ఆవిడదా?"

"చూళ్ళేదా?"

"పేరెక్కడ కనపడుతుందే. మాటలొస్తాయి, పైకి పోతాయి. నాకు గొట్టాలు, ఆపేశారు, అందరికీ తెలుసు, అవే కనపడ్డాయి. ఆ మాటలు రోజూ ఎవడో ఒకడు రాస్తూనే ఉన్నాడు. వాళ్ళలో ఒకడనుకున్నాను." చొక్కా అంచు సవరించుకుంటూ, "పూలు పూశాయని రాసింది కదూ" అన్నాడు.

"రాసింది."

"మరి ఏమీ అనలేదేం? ఊరుకునే మనిషి కాదే."

ఇక్కడ తప్పించుకోవడానికి దారి ఉంది, ఒక్క మాటలో ఉంది, లెక్కల మాస్టారు అంటే చాలు. బాబాయి నాలుగు తిట్లు తిట్టి చల్లబడతాడు, మాస్టారుకి ఆ తిట్లు అలవాటే. పాపం ఆయన నిన్నంతా పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ ఫోరం మొహమే చూడలేదు. ఇన్నాళ్ళూ ఆ పేరు వెనక ఎంత సుఖంగా నిలబడింది తను, తోటమాలి, ఆడో మగో తెలియని పేరు, మొహం లేని పేరు.

"అనడానికి వీల్లేదు బాబాయ్. చర్చ తీసేశారు... కాదు, తీసేశాను. నేనే. మాస్టారు కాదు. పొద్దున తీశాను. నీకు కూడా వారం దాకా రాయడానికి ఉండదు."

ఆయన మొహం తిరిగి టీవీ వైపు పెట్టుకున్నాడు. అక్కడ నలుగురూ వెలుగు మచ్చలై ఉంటారు ఆయనకి. దవడ కండ కదులుతోంది. చిన్నప్పుడు ఆయన కొలతలు తీసుకుంటున్నప్పుడు ఎవరైనా మధ్యలో పలకరిస్తే ఇలాగే దవడ బిగించేవాడు, నోట్లో గుండుసూదులు ఉండేవి, మాట్లాడితే గుచ్చుకుంటాయి. ఆమె ఆయన కోపం కోసం సిద్ధంగా కూర్చుంది. నీకు బ్లేడు పట్టుకోవడం నేర్పించినవాణ్ణి నాకే తాళం వేస్తావా అంటాడు. అననీ. అదొక్కటీ ఆమె భరించగలదు.

"సరే. నన్నాపావు" అన్నాడు చివరికి. "రూలు రూలే. ఆవిడ్ని?"

"ఆవిడ్ని కూడా."

"ఆవిడ్నెందుకు?"

"రూలు ఇద్దరికీ..."

"ఆవిడేమందని? నేను తిట్టాను. ఇప్పుడు నువ్వు చదివితే నాకే వినపడింది, తిట్టాను. నీళ్ళు రావడం లేదంది ఆవిడ. నన్నూ ఆవిడ్నీ ఒకే గాటన కట్టేశావా?"

ఆమె దగ్గర జవాబుంది, ఆ జవాబు ఎందరికో రాసి పంపింది కూడా, రెండు పక్షాల్నీ సమానంగా చూడటమే మా విధానం అని. నోటిదాకా వచ్చింది, పెదవి దాటలేదు. ఎవరి వీధిలో నీళ్ళున్నాయో వాళ్ళకి నీళ్ళు కబుర్లలో ఒక కబురు, లేనివాళ్ళు ఆ మాట ఎత్తితే రాజకీయం. ఇది పొద్దున ఎందుకు తోచలేదు. తోచింది, తోచింది, వేలు ఆగింది కదా ఆ వాక్యం దగ్గర, అప్పుడే తోచింది, కానీ బాబాయిని ఆపాలంటే ఆవిడ్ని కూడా ఆపాలి, లేకపోతే ఒకవైపే ఆపినట్టు ఉంటుంది, తను ఆవైపు మనిషి అంటారు, అంటారన్న భయమే. సొంత మనిషిని ఆపడానికి ధైర్యం చాలక, తోడుగా ఆవిడ్ని కూడా లోపలికి తోసింది. దానికే గర్వపడింది.

చుక్కలమ్మాయి చిన్న టార్చితో వచ్చి బాబాయి కళ్ళలోకి వేసి చూసి, "మీరెందుకు తెరిచారు... సరే, పట్టిందిలెండి, రండి" అని చేయి పట్టుకుని లేపింది. ఆయన లేచి, తల తిప్పకుండానే, "నా మాట నేను వెనక్కి తీసుకుంటానని కాదమ్మడూ" అన్నాడు. "గొట్టాల సంగతి నాకూ తెలుసు. అది వేరే." తెర తొలగించుకుని చీకటి గదిలోకి పోయాడు.

ఖాళీ అయిన కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది. ఆమె ఫోనులో తాళం తీసింది, ఇసకగూడుదొక్కటే. పోస్టు బూడిదరంగు పోయి మామూలు రంగుకి వచ్చింది, తెల్లపూలు, బకెట్లు. సూది రాసింది బూడిదలోనే వదిలేసింది. కింద తోటమాలి పేరుతో రెండు ముక్కలు రాయబోయి, ఆగి, ఆ పేరులోంచి బయటికి వచ్చి, కిటికీ అన్న తన పేరుతో రాసింది. ఈ పోస్టు తీసేసింది నేను. తీయకుండా ఉండాల్సింది. మీ నీళ్ళ సంగతి ఇక్కడ రాయొచ్చు. పంపాక చూసుకుంటే ఎంత పొట్టిగా, ఎంత బోడిగా ఉందో. నిమిషం తిరక్కుండానే మాస్టారు విడిగా మెసేజ్ పెట్టాడు, బడి విరామంలో ఉన్నట్టున్నాడు. రూలు ఏమైందమ్మా, రేపు సూది వచ్చి తనది కూడా పెట్టమంటే ఏం చెబుతావు, ఇంకొకడు నాది సమస్యే, రాజకీయం కాదంటే ఎలా తేలుస్తావు, ఒక్కోదానికీ మనం కూర్చుని తీర్పులు చెప్పాలా. మంచి ప్రశ్నలే. ఆయన మంచి మాస్టారే. చెప్పాలేమో మాస్టారూ, తప్పుచెబితే నా పేరు మీదే తిట్టించుకుంటాను అని రాసింది. ఆయన చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు. గంట కొట్టారేమో.

బాబాయి నల్లకళ్ళద్దాలతో బయటికి వచ్చాడు, చెవుల మీద అవి వంకరగా కూర్చున్నాయి. పొర ముదిరింది, కోసి తీసేయాలన్నారట, ఆ సంగతి చుక్కలమ్మాయే చెప్పింది, ఆయన చెప్పలేదు. ఆమె చీటీ అందుకుంది. బయట ఎండ తెల్లగా, గోడలా ఉంది. ఆయన గుమ్మంలో ఆగి ఆమె భుజం మీద చేయి వేశాడు, చిన్నప్పటి నుంచీ తను ఆయన చేయి పట్టుకుని నడిచిందే గానీ ఆయన ఆసరాకి ఇలా వెయ్యడం ఇదే మొదలు.

"పెట్టావా?"

"ఆవిడది పెట్టాను. నీది పెట్టలేదు."

"వారం అయ్యాక మళ్ళీ రాస్తాను నేను."

"రాయి బాబాయ్. అలాగే రాస్తే మళ్ళీ తీసేస్తాను. ఈసారి నన్నే తిట్టు."

ఆయన ఊఁ అన్నాడు, అది ఒప్పుకోలో బెదిరింపో తెలియలేదు. "మెట్టుందా?"

"ఉంది. దిగు. ఇంకోటి. అయిపోయాయి."

వీధిలోకి వచ్చాక ఆమె చేతిలో ఫోను అదిరింది. నీడ ఉన్న గోడ పక్కకి ఆయన్ని నిలబెట్టి తెర మీద చేయి అడ్డం పెట్టుకుని చూసింది. తను రాసినదానికి జవాబు, అందులో పెద్దాయన ఊసు లేదు, ఫరవాలేదన్న మాట లేదు, కోపం కూడా లేదు.

"ఎవరు?" అన్నాడు బాబాయి.

"ఇసకగూడు."

"ఏమంటోంది?"

ఆమె చదివింది. "చూశాను. నీళ్ళు ఇంకా రాలేదు."

పక్కనుంచి ఒక బండి పోయింది. బాబాయి కళ్ళద్దాల వెనక మొహం ఎటు చూస్తోందో తెలియడం లేదు. భుజం మీది చేయి బరువు పెరిగింది.

"ఇంకోసారి చదువు" అన్నాడు.